తల్లికుక్క, పసికూనలు: పోషణ విధానము

కార్తీక మాసము దాటి చలి ముదిరిన దినములలో బజారు వీధులయందు ఒక దృశ్యము తఱచుగా కనబడును. తెల్లవారి ధాన్యపు అంగడి తలుపులు తీయుసరికి, అరుగు మీది బల్ల క్రింద సన్నని కూతలు వినబడును. వంగి చూచినచో ఒక వీధికుక్క ముడుచుకొని పడియుండును. దాని పొట్టను అంటిపెట్టుకొని అయిదారు కూనలు, కన్నులు తెఱవనివి, గుప్పెడంతటివి, కదలుచుండును.

వెంటనే నలుగురు గుమిగూడుదురు. ఒకడు కఱ్ఱ తీసికొని, వ్యాపార స్థలమున ఈ పీడ యేమని తఱుమబోవును. రెండవవాడు వానిని వారించి, పరుగున పోయి ఒక గిన్నెడు ఆవుపాలు తెచ్చి కూనల నోట పోయ మొదలిడును. మూడవవాడు, పాపము మురికిగా నున్నవని, వానికి స్నానము చేయింప తలపెట్టును. నాలుగవవాడు ఒక పసివాడు. తెల్లనిదాని నొకదానిని చొక్కాలో దాచుకొని ఇంటికి పరుగెత్తును.

ఈ నలుగురిలో మొదటివాడొక్కడే నిర్దయుడు. తక్కిన మువ్వురును జాలిగలవారే. అయినను పది దినములు గడచునప్పటికి మొదటివానివలన కలిగిన కీడుకంటె తక్కిన మువ్వురివలన కలిగిన కీడే అధికము కావచ్చును. కఱ్ఱ చూచిన తల్లి పిల్లలను నోట కఱచుకొని వేఱొక చోటికి చేర్చుకొనును. చల్లబడిన కూన నోట పోసిన పాలు మాత్రము ఊపిరితిత్తులలోనికి పోయి దానిని చంపును.

జీవదయయందు యతనము, అనగా జాగ్రత్త, ముఖ్యమని పెద్దలు చెప్పుట ఇందులకే. దయ హృదయమున పుట్టును గాని, యతనమును నేర్చుకొనవలసి యున్నది. పింజరాపోలులు కట్టించి ఆవులను, ముసలి ఎడ్లను పోషించుట తెలిసిన వారికి గూడ ఇంటి ముంగిట ఈనిన కుక్కకు ఏమి చేయవలెనో తెలియక పోవచ్చును. కావున ఆ విషయము క్రమముగా ఇచట వివరింపబడుచున్నది.

1. ప్రసవమునకు పూర్వము

కుక్కకు గర్భకాలము సుమారు 63 దినములు. రెండు మూడు దినములు అటునిటు కావచ్చును. కడపటి మూడు వారములలో పిల్లలు వేగముగా పెరుగును గనుక తల్లికి ఆహారము కొంచెము కొంచెముగా హెచ్చింపవలెను. కడుపులో చోటు తక్కువ గనుక ఒక్కమారు ఎక్కువగా పెట్టుటకంటె మూడు నాలుగు మారులు కొద్దికొద్దిగా పెట్టుట మేలు. బలము కొఱకని సున్నపు బిళ్ళలు, అనగా కాల్షియం మాత్రలు, వైద్యుడు చెప్పనిదే గర్భకాలమున ఇయ్యరాదు. బయటినుండి ఎక్కువగా వచ్చిన కాల్షియమునకు అలవాటుపడిన శరీరము, పాలిచ్చునపుడు ఎముకలలోని నిలువను తీసి వాడుకొను నేర్పును కోల్పోవును. నిలువయుండియు అవసరమునకు చేతికి అందని సొమ్ము వంటిది అది.

ఈనబోవు కుక్క చీకటిగా, మూలగా, జనసంచారము లేని చోటును వెదకుకొనును. ఇంటి కుక్కయైనచో ఒక పెట్టెను పదునైదు దినములు ముందే అమర్చి, దానియందు పరుండుట అలవాటు చేయవలెను. తల్లి కాళ్ళు చాచి ప్రక్కకు పరుండుటకు చాలునంత వెడల్పు ఉండవలెను. మూడు ప్రక్కల గోడ ఎత్తుగాను, ఒక ప్రక్క తల్లి దాటగలిగి కూనలు దాటలేనంత ఎత్తుగాను ఉండవలెను. గోడకు లోపలివైపున నాలుగు అంగుళముల ఎత్తున ఒక కఱ్ఱపట్టీని కొట్టించినచో, తల్లి గోడకానుకొని పరుండినపుడు వెనుక చిక్కిన కూన నలిగిపోక ఆ సందులో బ్రతుకును. పెట్టెలో పాత పంచెలు, చీరలు పఱచి, తడిసినప్పుడెల్ల మార్చుచుండవలెను. గోనెపట్టా పఱచుట ఎల్లరకు తోచు ఉపాయమే గాని, దాని పోగులలో కూనల గోళ్ళు, కాళ్ళు చిక్కుకొనును. గోనె వేయక తప్పనిచో దానిమీద మెత్తని గుడ్డ వేయవలెను.

కుక్క శరీరోష్ణము మామూలుగా 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వఱకు ఉండును. ప్రసవము ఇక ఒక దినములో నున్నదనగా అది 99కి దిగువకు పడిపోవును. ఇంటి కుక్కకు కడపటి వారములో పూటపూటకు థర్మామీటరు పెట్టి చూచువారికి ఈ గుర్తు మిక్కిలి ఉపకరించును.

2. ప్రసవ సమయము

ఆరోగ్యముగల కుక్కకు మనుష్య సహాయము సాధారణముగా అక్కఱలేదు. దానికి కావలసినది ఏకాంతము. చుట్టును పిల్లలు చేరి కేకలు వేసినచో నొప్పులు ఆగిపోవచ్చును. ఎఱిగిన మనిషి ఒక్కడు కొంచెము దూరమున కూర్చుండి చూచుచుండిన చాలును.

ఒక్కొక్క కూన సన్నని పొరలో చుట్టబడి పుట్టును. తల్లి ఆ పొరను పండ్లతో చింపి, బొడ్డుతాడు కొఱికి, కూనను గట్టిగా నాకును. చూచువారికి మొరటుగా తోచినను, ఆ నాకుడే కూనకు మొదటి ఊపిరి తెప్పించును. తొలిచూలు కుక్క ఒకప్పుడు ఏమియు తోచక ఊరకుండును. నిమిషము, రెండు నిమిషములు గడచినను పొర చింపకున్నచో చేతులు శుభ్రముగా కడుగుకొని, ముక్కు వద్ద పొరను చింపి, నోటిలోని జిగురును మెత్తని గుడ్డతో తుడిచి, పొడి తువాలుతో కూన వీపును ప్రక్కలను రుద్దవలెను. కూన కూత వినబడువఱకు విడువరాదు. కాళ్ళు పట్టుకొని గిరగిర త్రిప్పు మొరటు పద్ధతి కొందఱు చేయుదురు. దానివలన మెదడునకు దెబ్బ తగులును, చేయరాదు. బొడ్డుతాడు తెగకున్నచో పొట్టకు అంగుళము దూరమున శుభ్రమైన నూలు దారముతో ముడివేసి, ముడికి ఆవల కత్తిరించి, కొనకు అయొడిన్ అంటింపవలెను. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క మావి పడవలెను. వానిని తల్లి తినుట సహజము.

ఒక కూనకును మఱియొక కూనకును నడుమ అరగంట, గంట పట్టవచ్చును. తల్లి నెమ్మదిగా నున్నచో ఇంకను కొంతసేపు విశ్రమించినను భయము లేదు. కాని ఈ క్రింది గుర్తులు కనబడినచో పశువైద్యుని పిలుచుటలో ఆలస్యము కూడదు:

గట్టిగా ముక్కుచు అరగంట గడచినను కూన బయటకు రాకుండుట.
లోపల ఇంకను పిల్లలున్నవని తెలిసియు రెండు గంటలకు పైగా ఏమియు జరుగకుండుట.
మొదటి కూన పుట్టక పూర్వమే ముదురాకుపచ్చని ద్రవము స్రవించుట.
తల్లి నీరసించి తల వాల్చుట.

ఇట్టి సమయమున చేతితో లాగుట, మంత్రసానితనము చేయుట తల్లి ప్రాణమునకే ముప్పు. ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకును చికిత్స చేయుదురు. సంచార పశువైద్య వాహనమును పిలుచుటకు 1962 అను టెలిఫోను సంఖ్య అనేక రాష్ట్రములలో కలదు.

3. పాలకంటె ముందు వెచ్చదనము

పసికూనల పోషణలో తెలిసికొనవలసిన విషయములలో ఇది ముఖ్యమైనది. పుట్టిన కూనకు తన ఒంటిని తాను వెచ్చగా నుంచుకొను శక్తి లేదు. మొదటి వారమున దానికి వణకుట కూడ చేతగాదు. పెద్దకుక్క ఒంటి వేడి 101 డిగ్రీలైనచో మొదటి వారపు కూనకు 95 మొదలు 97 డిగ్రీలు మాత్రమే యుండును. తల్లి పొట్ట, తోబుట్టువుల ఒరిపిడియే దానికి కుంపటి.

కావున మొదటి వారమున కూనలుండు తావు 85 మొదలు 90 డిగ్రీల వఱకు వెచ్చగా ఉండవలెను. తరువాత వారము వారమునకు కొంచెము తగ్గింపవచ్చును. చలిరాత్రులందు సీసాలో వేడినీరు పోసి, బిరడా బిగించి, రెండు మూడు మడతల గుడ్డ చుట్టి, పెట్టెకు ఒక ప్రక్కన మాత్రమే పెట్టవలెను. అంతటను వేడి పెట్టినచో, ఎక్కువైనపుడు ప్రాకి తొలగుటకు కూనకు చోటుండదు. కూనలే థర్మామీటరు. అన్నియు ఒకదానిమీద ఒకటి గుట్టగా పడి కూయుచున్నచో చలిగా నున్నదనియు, ఎడమెడముగా చెదరి రొప్పుచున్నచో వేడి ఎక్కువైనదనియు, ప్రక్కప్రక్కన చేరి నిశ్చింతగా నిద్రించుచున్నచో సరిగా నున్నదనియు గ్రహింపవలెను.

తల్లికి దూరమై చల్లబడిన కూన దొరకినచో దానికి వెంటనే పాలు పట్టరాదు. ఒడలు చల్లబడిన కూనకు పేగుల కదలిక నిలిచిపోవును. మ్రింగుడు కూడ సరిగా నుండదు. పోసిన పాలు కడుపులో నిలిచి పులియును, లేదా ఊపిరితిత్తులలోనికి పోవును. మొదట దానిని గుడ్డలో చుట్టి మనిషి ఒంటికి ఆనించుకొని, గంట రెండు గంటలలో మెల్లగా వెచ్చబఱచవలెను. వేడినీటిలో ముంచుట, నిప్పు దగ్గఱ పెట్టుట కూడదు. కూన నోటిలో వ్రేలు పెట్టినపుడు వెచ్చగా తగిలి, అది చప్పరించుటకు ప్రయత్నించినచో అప్పుడు పాల మాట తలపవలెను.

స్నానము చేయించుట కూడ ఇందువలననే నిషిద్ధము. తల్లి నాలుకయే వాని స్నానము.

4. పాలు, త్రాసు, చిట్టా

ప్రసవించిన మొదటి దినమున వచ్చు ముఱ్ఱుపాలలో రోగనిరోధక శక్తి నిండియుండును. ఆ శక్తిని కూన పేగులు మొదటి ఇరువదినాలుగు గంటలలో, అందును తొలి పండ్రెండు గంటలలో, గ్రహింపగలవు. ఆ మీదట గ్రహింపలేవు. అందుచేత ప్రతి కూనయు ఆనాడే చన్ను పట్టినదా యని చూడవలెను. బలహీనమైనదానిని బలమైనవి త్రోసివేయుచుండును. అట్టిదానిని పాలు నిండుగా వచ్చు వెనుకటి చన్నులకు చేర్చి, కొంచెముసేపు తక్కినవానిని ప్రక్కకు తీయుట మంచిది.

కూన ఎదుగుచున్నదో లేదో కంటితో చూచి చెప్పుట కష్టము. వర్తకులకు తెలిసిన సాధనము ఇచట పనికివచ్చును. తల్లి మచ్చికగలదైనచో ప్రతిదినము ఒకే వేళకు ఒక్కొక్క కూనను అంగడి త్రాసులో తూచి, తేదీవారీగా చిట్టాలో వ్రాయవలెను. గుర్తుపట్టుటకు ఒక్కొక్క కూన మెడకు ఒక్కొక్క రంగు నూలుపోగును వదులుగా కట్టి, రెండుమూడు దినములకొకసారి మార్చుచుండవలెను. మధ్యరకపు వీధికుక్క పిల్ల పుట్టినపుడు సుమారు పావుకిలో తూగును. అది దినదినమును పుట్టిన బరువులో నూటికి అయిదు మొదలు పదివంతులు పెరిగి, పది పండ్రెండు దినములకు రెట్టింపు కావలెను. మొదటి దినమున కొంచెము తగ్గినను దోషము లేదు. రెండవ దినము కూడ తగ్గినచో ఏదో లోపమున్నదని తెలిసికొని వైద్యునకు చూపవలెను. కూన మూల్గక ముందే త్రాసు ఆ సంగతి చెప్పును.

తల్లి మరణించినను, పాలు రాకున్నను, మొదట వెదకవలసినది అదే వయసు పిల్లలున్న మఱియొక మచ్చిక కుక్కను. అది లభింపనపుడు కుక్కపిల్లల కొఱకు చేయబడిన పాలపొడి వాడవలెను. ఆవుపాలు ఏల చాలవనగా, ఆవుపాలలో వెన్న నూటికి నాలుగు వంతులు, మాంసకృత్తులు మూడు వంతులకు కొంచెము పైగా నుండును. కుక్కపాలలో వెన్న సుమారు తొమ్మిది వంతులు, మాంసకృత్తులు ఏడెనిమిది వంతులు ఉండును. పాలచక్కెర మాత్రము ఆవుపాలలోనే ఎక్కువ. అందుచేత ఆవుపాలు త్రాగిన కూన కడుపు నిండియు ఆకలితోనే యుండును, విరేచనములు కూడ పట్టును. మేకపాలకును ఇదే లోపము. పొడి దొరకువఱకు ఒకటి రెండు పూటలు గడపుటకు మాత్రమే వానిని వాడవచ్చును.

పాలు పట్టునపుడు కూనను పసిబిడ్డవలె వెల్లకిల పరుండబెట్టుట పొరపాటు. తల్లి పొట్ట వద్ద ఎట్లుండునో అట్లే బోర్ల నుంచి, తల కొంచెము ఎత్తి, చిన్న రబ్బరు తిత్తి గల సీసాతో పట్టవలెను. పాలు మణికట్టు మీద చుక్క వేసినచో వెచ్చగా తెలియవలెను. మొదటి వారమున రెండు మూడు గంటలకొకసారి, రాత్రులందు కూడ, పట్టవలెను. ముక్కునుండి పాలు వచ్చినచో వెంటనే ఆపి తల దించి పట్టవలెను. త్రాగిన తరువాత మఱియొక పని కలదు. మూడు వారముల వఱకు కూన తనంతట తాను మలమూత్రములు విడువజాలదు. తల్లి నాకుటచేతనే అవి వెడలును. తల్లి లేని కూనకు వెచ్చని నీటిలో తడిపిన దూదితో ఆ చోటులను మెల్లగా తుడువవలెను. ఇది తెలియక పాలు మాత్రము పోసి పెంచబోవువారి చేతులలో కూనలు కడుపుబ్బి చనిపోవుచుండును.

5. తల్లికి ఆహారము

ఆఱు కూనలకు పాలిచ్చు తల్లికి మూడవ, నాలుగవ వారమున మామూలు ఆహారమునకు రెండు మూడు రెట్లు కావలయును. దినమునకు నాలుగుమారులైనను పెట్టవలెను. పరిశుభ్రమైన నీరు ఎల్లవేళల దానికి అందుబాటులో నుండవలెను. నీరు తగ్గినచో పాలు తగ్గును.

శాకాహార గృహములలో దయతో పెట్టునది సాధారణముగా మజ్జిగ అన్నము. అది ఆకలి తీర్చును గాని, పాలిచ్చు తల్లికి చాలదు. దాని ఎముకలు పైకి తేలును. కుక్క పిల్లివంటిది కాదు. సమతూకముగా కూర్చిన శాకాహారముతో జీవింపగలదు. అయితే ఆ సమతూకము ఈ కొన్ని వారములలో బహు జాగ్రత్తగా చూడవలసి యుండును. మెత్తగా ఉడికిన పెసరపప్పు, సోయా గింజల ముద్ద, పెరుగు, పనీరు, గుమ్మడి, క్యారెట్టు, కొంచెము నెయ్యి, వీనితో అన్నమును గాని రొట్టెను గాని కలిపి పెట్టవలెను. అన్నము తక్కువగాను పప్పు, పనీరు ఎక్కువగాను ఉండవలెను. దీనికి తోడుగా, పాలిచ్చు కుక్కలకు సంపూర్ణాహారమని సంచిమీద ముద్రించిన తయారుమేత కొంత కలిపినచో లోపము తీరును. శాకాహారపు మేతలు కూడ బజారులో లభించుచున్నవి. తల్లి చిక్కిపోవుచున్నచో గృహస్థుని ఇష్టమునకంటె వైద్యుని మాటకే విలువ ఈయవలెను.

ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణములను చెడగొట్టును. వానిని వాడని వంటయిండ్లకు ఈ విషయమున చింత లేదు. హోటలు మిగుళ్ళు పెట్టువారు మాత్రము దీనిని మఱువరాదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములను చెఱచును; చాకొలెట్టు గుండెకు చెఱుపు. పండుగనాడు మిగిలిన కిస్మిస్ మిఠాయిని ప్రేమతో కుక్కకు పెట్టుట ఆ ప్రేమకు తగని పని. ఊరగాయలు, కారము, ఉప్పు మిక్కుటమైన పదార్థములును కూడవు.

6. తల్లికి వచ్చు మూడు జబ్బులు

మొదటిది పాలజ్వరము. ప్రసవమైన రెండు మూడు వారములకు, పాలు జోరుగా నున్నపుడు, రక్తములో కాల్షియము ఒక్కమారుగా పడిపోవును. చిన్న జాతి కుక్కలలో ఇది ఎక్కువ. తల్లి నిలుకడలేక తిరుగును, రొప్పును, కాళ్ళు బిగిసి కఱ్ఱలవలె నడచును, వణకును, ఆపై మూర్ఛలు వచ్చును. ఇది గంటలలో ప్రాణము తీయు జబ్బు. వెంటనే కూనలను వేఱుచేసి, తల్లిని వైద్యునికడకు చేర్చినచో, నరములోనికి కాల్షియము ఎక్కింపగా అంత వేగముగానే కోలుకొనును. ఇంటి చికిత్స దీనికి లేదు.

రెండవది చన్నుల వాపు. చన్ను ఎఱ్ఱబడి, గట్టిపడి, వేడిగానుండి, తాకనీయదు. పాలు చీమువలె మాఱవచ్చును. మూడవది గర్భసంచి చీముపట్టుట. ఈనిన తరువాత కొన్ని వారములు ఎఱుపు, గోధుమవర్ణపు స్రావము కొంచెముగా నుండుట సహజమే. అది దుర్వాసన కొట్టి, తల్లికి జ్వరము వచ్చి, మేత మాని, పిల్లలను దరిజేరనీయకున్నచో అది రోగము. ఈ రెంటికిని వైద్యుడు ఈయవలసిన మందులు కలవు. మనుష్యుల కొఱకు ఇంట నుంచుకొన్న నొప్పి మాత్రలు కుక్కకు వేయరాదు. వానిలో కొన్ని దానికి విషములు.

7. కూనల ఎదుగుదల

పది మొదలు పదునాలుగు దినములకు కన్నులు తెఱచును. ముందుగా విప్పుటకు ప్రయత్నింపరాదు. రెండు వారములు దాటినపిమ్మట చెవులు వినబడును. మూడవ వారమున తప్పటడుగులు వేయును, పాలపండ్లు మొలచును. మూడున్నర, నాలుగు వారములకు మెత్తని గంజివంటి ఆహారమును పళ్ళెములో పోసి నాకుట నేర్పవలెను. ఏడెనిమిది వారములకు పాలు పూర్తిగా మానును.

కూనలకు నులిపురుగులు తల్లి గర్భమునుండియు, పాలనుండియు సంక్రమించును. పొట్ట ముందుకు పొడుచుకొనివచ్చి వెన్ను సన్నమైన కూనను చూచి బాగుగా తినుచున్నదని మురియుట పొరపాటు, అవి పురుగులు. రెండవ వారమునుండి రెండేసి వారములకొకసారి, ఎనిమిది వారముల వఱకు, బరువునుబట్టి వైద్యుడు చెప్పిన మోతాదున పురుగుమందు పోయవలెను. తల్లికిని పోయవలెను. పిడుదులు పట్టినచో కూనలకు రక్తము తగ్గును. వానిని ఏరివేయవలెనే గాని, పెద్దకుక్కల పొడిమందులు పసికూనలమీద చల్లరాదు.

ఆఱు వారములు మొదలు ఎనిమిది వారములలోపల పార్వో, డిస్టెంపరు మున్నగు వ్యాధుల టీకా మొదలిడి, మూడు నాలుగు వారములకొకసారి పదునాఱు వారముల వఱకు వేయించవలెను. మూడు నెలలకు రేబీస్ టీకా వేయించవలెను. పార్వో అనునది వాంతులు, రక్తవిరేచనములతో రెండు మూడు దినములలో ఈతనంతయు తుడిచిపెట్టు వ్యాధి.

ఎనిమిది వారములు నిండకుండ కూనను తల్లినుండి వేఱుచేయరాదు. తోబుట్టువులతో ఆడునపుడు, ఎంత గట్టిగా కఱచిన ఎదుటిదానికి నొప్పి కలుగునో అది నేర్చుకొనును. ముందే తెచ్చిన కూన ఆ పాఠమును ఇంటి పిల్లల చేతులమీద నేర్చుకొనును. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు మెల్లగా ఎత్తుట, నిమురుట, పలుకరించుట వలన అది జీవితాంతము మనుష్యులకు భయపడని కుక్క యగును.

8. మనుష్యుల క్షేమము

ఈనిన కుక్క ఎంత సాధువైనను, పిల్లలను తాకినచో కఱచును. అది దాని ధర్మము. మొదటి మూడు వారములు బాలురను దగ్గఱకు పోనీయరాదు. కూనల తావును మార్చక తప్పనిచో, తల్లి చూచుచుండగా, అన్నిటిని ఒక్కమారే, దగ్గఱి చోటికే చేర్చవలెను.

కుక్క గాని, కూన గాని కఱచినను, గీరినను, ఆ గాయమును ధారగా పడు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. గాయముమీద కారము, సున్నము, పసుపు అద్దుట హానికరము. రేబీస్ లక్షణములు కనబడిన పిమ్మట చికిత్స లేదు; ముందుగా టీకా వేయించుకొన్నచో భయము లేదు. పాశ్చర్ పండితుడు 1885లో ఈ టీకాను మొదట మనుష్యునికి వేసెను. దక్షిణాదిలో కూనూరు పాశ్చర్ సంస్థ 1907లో వెలసినది. బొడ్డుచుట్టును సూదులు పొడుచు పాత మందు 2004తో ఈ దేశమున ఆగిపోయినది. ఇప్పటి సూదులు భుజమునకే వేయుదురు. పాత సూదుల భయముతో ఆసుపత్రికి పోక దాచువారు ఇప్పటికిని కలరు గనుక ఈ మాట ఇంటింట చెప్పదగినది.

9. ఆ తరువాతి బాధ్యత

కూనలు పాలు మానిన తరువాత తల్లి సంగతి ఏమి? దానిని అట్లే విడిచినచో ఆఱేడు నెలలకో, మఱుసటి శీతకాలమునకో మరల ఆఱు కూనలు. పశ్చిమ బెంగాలులో వీధికుక్కలను అయిదేండ్లు గమనించి 2016లో ప్రకటించిన పరిశీలనలో 364 కూనలలో ఏడవ నెల వఱకు బ్రతికినవి నూటికి 19 మాత్రమే. చనిపోయినవానిలో సగమునకు మించి మనుష్యుల మూలముననే, బండ్లక్రింద పడియో, దెబ్బలచేతనో, విషముచేతనో పోయినవి.

కొందఱు శ్రావకులు ఇచట ఒక సందేహము లేవదీయుదురు. ప్రాణులను కట్టుట, కొట్టుట, అవయవములను ఛేదించుట, అధిక భారము మోపుట, అన్నపానములు నిరోధించుట అను అయిదును అహింసాణువ్రతమునకు అతిచారములని శాస్త్రము చెప్పుచుండగా, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుట ఛేదము కాదా యని. అందముకొఱకు కూనల తోకలు, చెవులు కత్తిరించుట నిస్సందేహముగా ఛేదమే. కాని వైద్యుడు మత్తుమందిచ్చి, నొప్పి తెలియకుండ చేయు ఈ చికిత్స వేఱు. దానిని ఏటేట బండ్లక్రింద నలుగు కూనల ప్రక్కన పెట్టి తూచి, ఎవరికి వారు నిర్ణయించుకొనవలసినదే. తూచునపుడు త్రాసు రెండవ తట్టను దాచిపెట్టరాదు.

రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. వీధికుక్కలను చంపుటకు బదులు శస్త్రచికిత్స, టీకా చేయవలెనని మద్రాసు బ్లూ క్రాస్ వారు చిరకాలము వాదింపగా, 1996లో ఆ నగర కార్పొరేషను ఆ మార్గమును చేపట్టినది. 2023 నాటి కేంద్ర నియమములును ఈ పద్ధతినే స్థానిక సంస్థల బాధ్యతగా నిర్దేశించినవి. కూనలు పాలు మాని, తల్లి చన్నులు ఎండిన పిమ్మట, మునిసిపాలిటీకి గాని జంతుసేవా సంఘమునకు గాని తెలిపి చికిత్స చేయింపవచ్చును. చికిత్సయైన కుక్క చెవి కొనను గుర్తుగా కొంచెము కత్తిరింతురు.

ముగింపు

మరల ఆ అంగడి అరుగు వద్దకు వత్తము. కఱ్ఱ తీసినవానికి, ఆఱు వారములు ఓపిక పట్టుమని చెప్పిన చాలును. ఆవుపాలు తెచ్చినవాడు ఆ గిన్నెలోని పాలను కూనల నోట పోయక, పెరుగుగా తోడు పెట్టి, పప్పుతో కలిపి తల్లికి పెట్టవలెను. కూనలకు చేరవలసిన దారి అదే. స్నానము చేయింపబోయినవాడు ఆ నీటిని ఒక తొట్టిలో పోసి తల్లి దగ్గఱ ఉంచి, పొడి గుడ్డ ఒకటి బల్ల క్రింద పఱచి, చలిగాలి రాకుండ ఒక పలక అడ్డుపెట్టవలెను. ఇక ఆ పసివాడు చొక్కాలోని తెల్లకూనను తిరిగి తల్లి ప్రక్కన చేర్చి, ఎనిమిది వారములు లెక్కపెట్టుకొనవలెను. ఆ దినమున అది తన కాళ్ళతో తానే వాని వెంట నడచి వచ్చును.

ఇందులకు అగు ఖర్చు ఒక పాత పంచె, ఒక పలక, కొంచెము పప్పు, కొంచెము పెరుగు. తక్కినది తెలివిడి. దయగల గృహములలో లోటుగా నున్నది తెలివిడియే గనుక, అది ఉన్నవారు లేనివారికి చెప్పవలెను.